కొత్త ప్రొటీన్ డిజైన్‌కు ఏది మేలు: రొసెట్టానా, ఆర్‌ఎఫ్‌డిఫ్యూజనా?

అనంతపురంలో బయోటెక్నాలజీ ప్రాజెక్టు అంటే వేరుశనగ ఎక్కడో ఒకచోట తగలక మానదు. ఈ ఏడాది ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని గట్టి ప్రశ్నే తెచ్చింది. బూజు పట్టిన కాయల్లో చేరే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పట్టుకునే ప్రొటీన్‌ను కంప్యూటర్‌లోనే రూపొందించాలట. మరి రొసెట్టాతోనా, ఆర్‌ఎఫ్‌డిఫ్యూజన్‌తోనా?

రెండూ ప్రొటీన్లను డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్లే, ఒకే గూటివి. సియాటిల్‌లోని డేవిడ్ బేకర్ ప్రయోగశాల వాటి పుట్టిల్లు. 2024 రసాయనశాస్త్ర నోబెల్‌లో సగం ఆయనకు దక్కింది.

రొసెట్టాది భౌతికశాస్త్రం లెక్క. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు; కోరిన ఆకారంలో ఆ గొలుసు వెన్నును నిలిపి, ఒక్కో స్థానంలో అమైనో ఆమ్లాలను మార్చి మార్చి చూస్తూ, శక్తి తగ్గే అమరికను వెతుకుతుంది. ప్రకృతిలో కనిపించని మడతతో (గొలుసు ముడుచుకునే ఆకారంతో), 93 అమైనో ఆమ్లాల టాప్7 అనే ప్రొటీన్‌ను 2003లో ఈ దారిలోనే చేశారు. ఎక్స్‌రేలో తేలిన నిర్మాణం డిజైన్‌తో అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

2023లో వచ్చిన ఆర్‌ఎఫ్‌డిఫ్యూజన్ చిందరవందర బిందువులతో మొదలుపెట్టి, అంచెలంచెలుగా వెన్నును తీర్చిదిద్దుతుంది. ఆ వెన్నుకు తగిన అమైనో ఆమ్లాల వరుసను ప్రొటీన్‌ఎంపీఎన్‌ఎన్ అనే మరో ప్రోగ్రాం రాస్తుంది. సహజ ప్రొటీన్ల వెన్ను మాత్రమే ఇచ్చి అసలు వరుస చెప్పమంటే, ఇది సుమారు 52 శాతం స్థానాల్లో సరిగ్గా చెప్పింది. రొసెట్టా 33 శాతం దగ్గరే ఆగింది. కొత్త మడత ఒక్కటే కావాలంటే వాదన అక్కర్లేదు, ఆర్‌ఎఫ్‌డిఫ్యూజనే.

చిక్కంతా అఫ్లాటాక్సిన్‌తోనే. అది ప్రొటీన్ కాదు, 17 కార్బన్ పరమాణువులున్న చిన్న అణువు. మొదటి ఆర్‌ఎఫ్‌డిఫ్యూజన్‌ను ప్రొటీన్ల కోసం తయారు చేశారు. చిన్న అణువు చుట్టూ నేరుగా గొలుసు అల్లాలంటే 2024లో వచ్చిన ఆల్-ఆటమ్ రూపం కావాలి. దానితో డైగాక్సిజెనిన్, హీమ్ అనే చిన్న అణువులను పట్టుకునే ప్రొటీన్లు చేసి ప్రయోగాల్లో చూపించారు. వరుసకూ, చిన్న అణువును లెక్కలోకి తీసుకునే లైగాండ్‌ఎంపీఎన్‌ఎన్ వాడాలి. అంతర్జాలంలో మొదట కనబడిన నోట్‌బుక్ (సిద్ధంగా ఉన్న కోడ్ ఫైలు) ఏ రూపానిదో చూడకుండా తెరిచి కూర్చుంటే శ్రమంతా వృథా.

రొసెట్టా విలువ తెలిసేది ఇక్కడే. అఫ్లాటాక్సిన్ వలయాలు బల్లపరుపుగా ఉంటాయి, అంచున కార్బొనిల్ ఆక్సిజన్లు ఉంటాయి. ఆ వలయాల పక్కన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం సరిగ్గా ఒదిగిందా, మరీ దగ్గరై ఢీకొంటోందా? ఆక్సిజన్‌కు హైడ్రోజన్ బంధం దొరికిందా? ఏ అమైనో ఆమ్లం ఎంత శక్తిని తగ్గించిందో, ఎంత పెంచిందో రొసెట్టా పట్టిక విడివిడిగా చూపిస్తుంది. డిఫ్యూజన్ ఆకారాన్ని ఇస్తుంది గానీ కారణం చెప్పదు. వైవాలో అడిగేది కారణమే!

వనరుల సంగతి చెప్పాలంటే, రొసెట్టాకు కళాశాల ల్యాబులోని మామూలు కంప్యూటర్ చాలు, రాత్రంతా కరెంటు పోకుండా ఉంటే. డిఫ్యూజన్‌కు గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఉచితంగా దొరికే గూగుల్ ఆన్‌లైన్ సేవ కొలాబ్ ఎప్పుడు తెగిపోతుందో చెప్పలేం.

నా ఓటు మాత్రం కలగలుపుకే. ఆల్-ఆటమ్‌తో వెన్ను, లైగాండ్‌ఎంపీఎన్‌ఎన్‌తో వరుస. ఆ వరుసను, వరుస నుంచి మడతను ఊహించే ఆల్ఫాఫోల్డ్‌కు ఇచ్చి, అది ఊహించిన మడత డిజైన్‌కు 2 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక్కొక్కటి మీటరులో వెయ్యి కోట్లవ వంతు) లోపు ఉంటేనే ముందుకు పోవాలి. చివరి వడపోత రొసెట్టాది. ప్రయోగానికి ఆ డిజైన్ల జన్యువులను తెప్పించేటప్పుడు ఒక్కటే తెప్పిస్తే చాలదు. తెరమీద మెరిసినవి చాలావరకు పరీక్షనాళికలో విఫలమవుతాయి.

అఫ్లాటాక్సిన్ క్యాన్సర్ కారకం కనుక, దాన్ని భద్రంగా వాడనిచ్చే ప్రయోగశాల ముందే చూసుకోవాలి. అది కుదరకపోతే, వేరుశనగలోనే అలర్జీ తెప్పించే అరా హెచ్ 2ను లక్ష్యంగా పెట్టుకోవచ్చు. అది ప్రొటీనే, నిర్మాణమూ తెలుసు. మొదటి ఆర్‌ఎఫ్‌డిఫ్యూజన్‌తోనే పని సాగుతుంది.