‘లైఫ్‌టైమ్ కాపీరైట్ ఫ్రీ’ అని పాటల ప్యాక్ అమ్ముతున్నారు, దయచేసి కొనకండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు యూట్యూబ్ ఛానెళ్లు నడిపేవాళ్లు, పెళ్లి వీడియోలు తీసే అన్నలు ఒకసారి పూర్తిగా చదవండి. వాట్సాప్ గ్రూపుల్లో ఒకతను ‘కాపీరైట్ ఫ్రీ మ్యూజిక్ ప్యాక్, లైఫ్‌టైమ్ లైసెన్స్, 1,499 రూపాయలే’ అని మెసేజ్ తిప్పుతున్నాడు. నేను కొన్నాను, మా ఛానెల్‌కి స్ట్రైక్ పడింది, అంటే కాపీరైట్ ఉల్లంఘించామని యూట్యూబ్ వేసే శిక్ష. పోయింది ఆ డబ్బు మాత్రమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. స్ట్రైక్ పడ్డాక అతను నా చేత చేయించబోయిన పని అంతకన్నా ప్రమాదం.

మాది గుళ్లు, తిరునాళ్లు చూపించే ఛానెల్. పెంచలకోన, జొన్నవాడ, నెల్లూరు రంగనాయకుల గుడి, ఇట్లాంటివి. జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాల వీడియోకి వెనక ఆ ప్యాక్‌లోని నాదస్వరం వేశాం. ఫైలు పేరు ‘భక్తి 14’. వీడియో బాగా పోతున్నప్పుడు ఒక మ్యూజిక్ కంపెనీ దాన్ని తీసేయమని యూట్యూబ్‌ని కోరింది. వీడియో పోయింది, ఛానెల్ మీద స్ట్రైక్ నిలబడింది. ఆరా తీస్తే అది క్యాసెట్ల రోజుల్లో ఆ కంపెనీ విడుదల చేసిన రికార్డింగ్. పేరు మార్చి ఫోల్డర్‌లో పెట్టి మనకు అమ్మారు.

అతనిచ్చిన ‘లైసెన్స్ సర్టిఫికెట్’ చూస్తే ఎవరైనా నమ్ముతారు. చుట్టూ బంగారు రంగు బోర్డరు, మధ్యలో మా ఛానెల్ పేరు, కింద గుండ్రటి ముద్ర, మూలన క్యూఆర్ కోడ్. ఆ కోడ్ స్కాన్ చేస్తే అతని వాట్సాప్ చాటే తెరుచుకుంటుంది. ఏ పాటలకు లైసెన్సో ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆ రికార్డింగుల హక్కుదారు ఎవరో లేదు. ఆ హక్కుదారు ఇతనికి అమ్ముకునే అధికారం ఇచ్చినట్టు ఒక్క మాట లేదు. మీ దగ్గర ఇలాంటి కాగితం ఉంటే ముందు ఈ మూడూ వెతకండి.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 30వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ ఇవ్వాల్సింది హక్కుదారు, లేదా ఆయన అధికారమిచ్చిన ఏజెంటు. అదీ రాతపూర్వకంగా. ఏ పాట, ఏ వాడకానికి, ఎన్నాళ్లు, ఎక్కడ అన్నది అందులో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లే అనుకుంటుంది చట్టం, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. మా వీడియోలు చూసేవాళ్లలో కువైట్‌లో ఉన్న మన జిల్లావాళ్లు చాలామంది. కాబట్టి హక్కుదారు ఇచ్చిన అసలు లైసెన్సయినా ఈ రెండూ చదవకుండా డబ్బు కట్టకండి.

ఫోన్ చేసి అడిగితే అతను చెప్పింది ఇది: ‘అన్నమయ్య కీర్తన కదన్నా, అయిదొందల ఏళ్ల నాటిది, దానికి కాపీరైట్ ఏముంటాది?’ ఈ మాట మన గ్రూపుల్లో కూడా తరచూ వింటున్నాను, చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. కీర్తన సాహిత్యం మీద ఎవరికీ కాపీరైట్ లేదు, నిజమే. కానీ దానికి ఈ కాలంలో ఎవరైనా కొత్తగా బాణీ కట్టి ఉంటే ఆ బాణీకి హక్కుంటుంది. రికార్డింగ్‌కి విడిగా ఇంకో హక్కుంటుంది, విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. 1985లో విడుదలైన క్యాసెట్ అనుకోండి, 2045 ఆఖరు దాకా దాని మీద హక్కు ఉన్నట్టే. ‘పది సెకన్లు వాడితే ఏం కాదు’ అన్నదీ వట్టి మాటే, చట్టంలో అలాంటి కొలత ఎక్కడా లేదు.

తర్వాత మాట మార్చాడు. ‘టెన్షన్ పడొద్దన్నా, నేనుండాను కదా. వీడియో డిలీట్ చెయ్యి, స్ట్రైక్ పోతాది’ అన్నాడు. పోదు. స్ట్రైక్ పడ్డాక వీడియో డిలీట్ చేసినా అది అలాగే ఉంటుంది. ఆ తర్వాత కంపెనీ కేసు వేస్తుంది, జైలు అని భయపెట్టి, ‘స్ట్రైక్ రిమూవల్ సర్వీస్’కి 8,000 అడిగాడు. 63వ సెక్షన్‌లో ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా శిక్ష ఉన్న మాట నిజం, కానీ అది తెలిసి తెలిసి హక్కు ఉల్లంఘించినవాళ్లకు. నమ్మి కొన్నామని చూపించడానికి ఆ చాట్లు, ఆ సర్టిఫికెట్, పేమెంట్ రసీదు మనకు ఆధారం. వాటిని చెరపకండి.

ఆ సర్వీస్ అంటే ఏమిటో అతను పంపిన డ్రాఫ్ట్‌లో చూశాను. నా పేరు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరుతో కౌంటర్ నోటిఫికేషన్, అంటే వీడియో తీసేయడం తప్పని యూట్యూబ్‌కి ఇచ్చే అభ్యంతరం. ‘ఈ సంగీతానికి నాకు పూర్తి హక్కులున్నాయి, పొరపాటున తొలగించారు’ అని రాసి ఉంది. దయచేసి ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. కౌంటర్ నోటిఫికేషన్ మామూలు రిక్వెస్ట్ కాదు, చట్టపరంగా మనం ఇచ్చే ప్రమాణం. మన వివరాలన్నీ నేరుగా ఆ కంపెనీకి వెళ్తాయి. వాళ్లకు 10 పనిదినాల గడువుంటుంది, కోర్టుకు వెళ్లినట్టు చూపిస్తే వీడియో తిరిగి రాదు. హక్కు లేని పాటకు హక్కుందని సంతకం పెడితే అబద్ధం మనదవుతుంది, కోర్టులో నిలబడేది మనమే. ఆ 8,000 తీసుకున్నవాడి పేరు ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. నేను సంతకం పెట్టలేదు. మన గ్రూపులో కొత్తగా ఛానెల్ పెట్టిన పిల్లలున్నారు, భయంలో వాళ్లు పెట్టేస్తారేమోనని నాకు దిగులుగా ఉంది.

స్ట్రైక్ పోవడానికి సరైన దారులు వేరే ఉన్నాయి. కాపీరైట్ స్కూల్ (యూట్యూబ్ పెట్టే చిన్న ఆన్‌లైన్ పాఠం) పూర్తి చేస్తే 90 రోజులకు గడువు తీరుతుంది. లేదంటే ఆ కంపెనీకే మర్యాదగా రాసి వెనక్కి తీసుకోమని అడగొచ్చు. నేను రెండూ చేశాను, కంపెనీ నుంచి జవాబు రావాలి. ఈ లోపల మొత్తం మూడు స్ట్రైకులైతే ఛానెల్ పోతుంది, కాబట్టి ఆ ప్యాక్ పాటలున్న వీడియోలన్నీ పక్కన పెట్టేశాం. కంటెంట్ ఐడీ (పాటను తనంతట తానే గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ) క్లెయిమ్ వస్తే మాత్రం ఇంత కంగారు అక్కర్లేదు. చాలాసార్లు ఆ వీడియో ఆదాయం హక్కుదారుకు వెళ్తుంది, అంతే.

డబ్బు సంగతికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. నెల్లూరు వాళ్లు నెల్లూరులో, ఒంగోలు వాళ్లు ఒంగోలులో. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ‘వ్యాపారానికి కొన్నావు, నువ్వు వినియోగదారుడివి కాదు’ అని అవతలివాళ్లు వాదించొచ్చు. బతుకుతెరువు కోసం స్వయంగా చేసుకునే పనికి కొంటే వినియోగదారుడే అని చట్టంలోనే ఉంది, ఫిర్యాదులో ఆ మాట తప్పకుండా రాయండి.

ఇప్పుడు మేం యూట్యూబ్ తానే ఉచితంగా ఇచ్చే ఆడియో లైబ్రరీ పాటలే వాడుతున్నాం. గుడి వీడియోలకు మాత్రం ఆ ఊరి సన్నాయి మేళం వాళ్లనే అడిగి, వాళ్లకు డబ్బిచ్చి, మేమే రికార్డు చేసుకుంటున్నాం. ఎవరు వాయించారు, ఏ తేదీన, ఎంత ఇచ్చాం, ఎక్కడ వాడతాం అన్నది తెలుగులోనే రాసి ఇద్దరం సంతకాలు చేస్తున్నాం.

అమ్మే అతను నంబర్లు మారుస్తున్నాడు, రేపు ప్యాక్ పేరు కూడా మార్చొచ్చు. ‘భక్తి’, ‘సన్నాయి’, ‘పెళ్లి బీట్స్’ అనే ఫోల్డర్లు, లోపల ఫైళ్లకు వట్టి నంబర్లు ఉంటే అదే ప్యాక్. ఇప్పటికే వాడి ఉంటే స్ట్రైక్ రాకముందే ఆ వీడియోలను ప్రైవేట్‌లో పెట్టి పాట మార్చండి. డబ్బు కట్టినవాళ్లు మీ రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు నాకు పంపితే నా ఫిర్యాదుతో పాటు జత చేస్తాను.