జనరేటర్ కంట్రోలర్ మరమ్మతు: అనంతపురంలోని ఒక చిన్న దుకాణం పనితనం

తాడిపత్రిలోని మా నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో ఆరేళ్ల కిందట కొన్న 62.5 కేవీఏ డీజిల్ జనరేటర్ ఒకటి ఉంది. దాని ముందు తలుపుకు అరచేతికంటే కొంచెం పెద్దదైన ఎలక్ట్రానిక్ కంట్రోలర్ బిగించి ఉంటుంది. లైన్ కరెంటు పోయిందని గుర్తించడం, సెల్ఫ్ తిప్పడం, ఇంజిన్ అందుకోగానే సెల్ఫ్‌ను విడిపించడం, ఆయిల్ ప్రెషర్ పడిపోయినా నీళ్లు వేడెక్కినా ఇంజిన్‌ను ఆపివేయడం అన్నీ దాని పనే. గడిచిన వేసవిలో ఈ కంట్రోలర్ మూడు రకాలుగా మొరాయించింది. సెల్ఫ్ తిరగడం మొదలుకాగానే డిస్‌ప్లే ఆరిపోయి, కంట్రోలర్ మళ్లీ మొదటినుంచి లేచేది. స్టాప్ బటన్ బొటనవేలితో గట్టిగా అదిమితే తప్ప పనిచేసేది కాదు, కరెంటు పోగానే ఇంజిన్‌ను దానంతటదే నడిపించే ఆటో బటన్ మాత్రం ఎవరూ ముట్టకుండానే నొక్కుకునేది. మధ్యాహ్నమయ్యేసరికి డిస్‌ప్లే మొత్తం నల్లబడిపోయేది.

సెట్టు అమ్మిన సంస్థ తరఫున వచ్చిన టెక్నీషియన్ పావుగంట చూసి, ముందు బ్యాటరీ మార్పించారు. కొత్త బ్యాటరీతోనూ అదే తంతు జరిగేసరికి కంట్రోలర్ పూర్తిగా పోయిందని తేల్చి, కొత్తదానికి 18,500 రూపాయల కొటేషన్ ఇచ్చి, రాకపోకల ఖర్చు కింద 1,500 రూపాయలు తీసుకొని వెళ్లారు. ఆయన సంచిలో మల్టీమీటర్ ఉంది గానీ, అది బయటికి రావడం నేను చూడలేదు. డబ్బు కట్టేలోపు పక్క యూనిట్ యజమాని అనంతపురం కమలానగర్‌లోని ఒక దుకాణం ఫోన్ నంబరు ఇచ్చి, ఒకసారి అడిగి చూడమన్నారు. ఈ సమీక్ష ఆ దుకాణం చేసిన పని గురించి. దాని పేరు రాయడం యజమానికి ఇష్టం లేదు; ఉన్న పనికే సమయం చాలడం లేదని ఆయన చెప్పారు.

ఫోన్‌లో నేను మూడు ఫిర్యాదులూ ఏకరువు పెట్టగా, ఆయన మొదటిదాని దగ్గరే ఆపారు. "కంట్రోలర్ ఇప్పుడే విప్పొద్దండి సార్. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ కాడ ఎంతుంది, కంట్రోలర్ కాడ ఎంతుంది, రెండూ చూసి చెప్పండి" అన్నారు. ఇంజిన్ అందుకోకుండా డీజిల్ సోలెనాయిడ్ (ఇంజిన్‌కు డీజిల్ వదిలే విద్యుత్ కవాటం) వైరు తీసి పక్కన పెట్టమని, ఒక్కోసారి పది సెకన్లకు మించి సెల్ఫ్ తిప్పవద్దని, మధ్యలో సెల్ఫ్ మోటారు చల్లారనివ్వమని కూడా చెప్పారు. మా ఎలక్ట్రీషియన్ దగ్గర కనిష్ఠ విలువను పట్టి ఉంచే మీటర్ ఉండబట్టి కొలత సాధ్యమైంది గానీ, మామూలు మీటర్‌లో అంకెలు కంటికి చిక్కేవి కావు.

కొలిస్తే లెక్క ఇలా తేలింది. సెల్ఫ్ తిరగనప్పుడు బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు ఉంది. నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీకి ఉండవలసినది అంతే. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు అది 10.4కు దిగింది, సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది కాబట్టి ఆ మాత్రం దిగడం సహజమే. అదే క్షణంలో కంట్రోలర్ టెర్మినళ్ల దగ్గర మాత్రం 7.7 వోల్టులే ఉంది. కంట్రోలర్‌తో వచ్చిన మాన్యువల్‌లో 8 నుంచి 35 వోల్టుల మధ్య పనిచేస్తుందని అచ్చువేసి ఉంది గనుక, 7.7 దగ్గర అది ఆరిపోవడం దాని తప్పు కాదు. మధ్యలో మాయమైన 2.7 వోల్టులు ఎక్కడికి పోయాయన్నదే ప్రశ్న. దానికి దుకాణదారు చెప్పిన పద్ధతి నాకు అంతవరకు తెలియనిది: మీటర్ ఒక కొసను బ్యాటరీ నెగటివ్ సీసపు టెర్మినల్ మీదే పెట్టాలి, దానికి బిగించిన క్లిప్పు మీద కాదు, రెండో కొసను కంట్రోలర్ నెగటివ్ టెర్మినల్ మీద పెట్టి సెల్ఫ్ తిప్పాలి. రెండు కొసలూ ఒకే నెగటివ్ లైనులో ఉన్నాయి కాబట్టి మీటర్ దాదాపు సున్నా చూపాలి. మాకు 2.5 చూపింది. మిగిలిన 0.2 వోల్టులు స్ప్రింగు వదులైన ఫ్యూజు హోల్డర్‌లో దొరికాయి.

కారణం చూస్తే నవ్వు వచ్చింది, ఆ తరువాత కోపం వచ్చింది. బ్యాటరీ నెగటివ్ కేబుల్‌ను ఇంజిన్ బాడీకి బిగించిన చోట, కింద రంగు గీకకుండా అలాగే బోల్టు వేశారు. ఆరేళ్లలో ఆ బోల్టు కింద తుప్పు కూడా చేరింది. కంట్రోలర్ నెగటివ్ వైరును నేరుగా బ్యాటరీ దగ్గరినుంచి కాకుండా ఇంజిన్ బాడీ మీది మరో బోల్టు దగ్గరినుంచి తీసుకున్నారు. సెల్ఫ్ కరెంటు మొత్తం ఆ తుప్పు అతుకు గుండా పోతున్నప్పుడు అక్కడ పడిపోయిన వోల్టేజి భారమంతా కంట్రోలర్ నెత్తిన పడుతోంది. రంగు గీకి, కేబుల్ కొసకు కొత్త లగ్గు (బోల్టు పట్టే లోహపు రింగు) వేసి, కంట్రోలర్‌కు విడిగా రెండు వైర్లను బ్యాటరీ టెర్మినళ్లనుంచే లాగి, పాజిటివ్ వైరులో కొత్త ఫ్యూజు హోల్డర్ పెట్టడానికి మాకైన ఖర్చు 400 రూపాయలు. ఆ రోజునుంచి సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు డిస్‌ప్లే రెప్ప కూడా వేయలేదు. ఈ సలహాకు దుకాణదారు పైసా తీసుకోలేదు. కంట్రోలర్ తన దగ్గరికే రాలేదు కదా అన్నది ఆయన వాదన.

కీప్యాడ్, డిస్‌ప్లేల కోసం మాత్రం కంట్రోలర్ విప్పుకొని అనంతపురం వెళ్లక తప్పలేదు. విప్పేముందు ప్రతి వైరుకూ నంబరు చీటీ కట్టి, సెట్టింగుల పేజీలన్నీ ఒక్కొక్కటిగా ఫోటో తీసుకోమని ముందే చెప్పారు: ఎన్నిసార్లు సెల్ఫ్ ప్రయత్నించాలి, మధ్యలో ఎంతసేపు ఆగాలి, ఓవర్‌స్పీడు ఎన్ని హెర్ట్జ్ దగ్గర ఆపాలి వంటివన్నీ. మా ఇంజిన్ నిమిషానికి 1500 చుట్ల దగ్గర 50 హెర్ట్జ్ ఇస్తుంది. ఓవర్‌స్పీడు అంకె పొరపాటున మారితే ఇంజిన్ అకారణంగా ఆగుతుంది, లేదా ఆగవలసినప్పుడు ఆగదు.

దుకాణంలో ఆయన మొదట చేసిన పని, వెంట తీసుకెళ్లిన వైర్లన్నీ పక్కన పెట్టి, కంట్రోలర్‌కు రెండంటే రెండు వైర్లు, 2 ఆంపియర్ల ఫ్యూజుతో బల్లమీది సప్లై నుంచి ఇవ్వడం. తరువాత సప్లైని 12 వోల్టుల నుంచి మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. 7.9 దగ్గర ఆరిపోయింది. పెంచుకుంటూ వస్తే 8.2 దగ్గర లేచింది. ఆ తరువాత సప్లైని రెప్పపాటు కాలం తీసి పెట్టారు, కంట్రోలర్ తట్టుకుంది. లోపలి కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగాలు) ఎండిపోతే ఆ రెప్పపాటును తట్టుకోలేదట, ఎండిన కెపాసిటర్ల లక్షణాలూ వైరు లోపం లక్షణాలూ బయటికి ఒకేలా కనిపిస్తాయట. పవర్ విభాగంలో లోపం లేదని ఐదు నిమిషాల్లో రుజువైంది. కొత్త కంట్రోలర్ కొని ఉంటే అది కూడా అదే తుప్పు బోల్టు మీద కూర్చొని అలాగే ఆరిపోయేదన్న సంగతి నాకు అక్కడే తట్టింది.

కీప్యాడ్ విషయంలో ఆయన ఓపిక మెచ్చుకోదగినది. ఈ కంట్రోలర్ల కీప్యాడ్ పలచని ప్లాస్టిక్ పొరల మధ్య వెండి సిరాతో గీసిన దారులతో తయారవుతుంది. బటన్ నొక్కితే చిన్న లోహపు డోమ్ వంగి రెండు దారులను కలుపుతుంది. ఆ దారులన్నీ ఒక పలచని రిబ్బన్ రూపంలో బోర్డులోకి వెళతాయి. ఆటో బటన్ తనంతట తాను నొక్కుకోవడం బోర్డు తప్పా, కీప్యాడ్ తప్పా అన్నది తేల్చడానికి ఆయన రిబ్బన్ ఊడదీసి కంట్రోలర్‌ను అరగంట అలాగే నడిపించారు. ఒక్క దొంగ నొక్కుడు కూడా రాలేదు, అంటే బోర్డు నిర్దోషి. తరువాత రిబ్బన్ కొసల దగ్గర మీటర్ పెట్టి ఒక్కో బటన్ నొక్కి చూశారు. నొక్కినప్పుడు బాగున్న బటన్ల నిరోధం పదుల ఓమ్‌లలో ఉంటే, స్టాప్ బటన్ వేల ఓమ్‌లు చూపింది. ఆటో బటన్ వదిలేశాక కూడా పూర్తిగా తెరుచుకోలేదు.

పొర ఎత్తి చూపించినప్పుడు కింది అంచు పొడవునా బూడిదరంగు చార కనిపించింది. అది మా పాలిష్ మిషన్ల స్లర్రీ. రాతిపిండి కలిసిన నీళ్లు తలుపు మీదికి చిమ్మి, అంచునుంచి లోపలికి పాకి, వెండి దారులను నల్లబరచి, రెండు దారుల మధ్య తడి వంతెన కట్టాయి. కంట్రోలర్‌కూ తలుపుకూ మధ్య ఉండవలసిన రబ్బరు గ్యాస్కెట్ మా సెట్టుకు వేయనేలేదని కూడా అప్పుడే బయటపడింది. ఆటో బటన్ దానంతటదే నొక్కుకునే సెట్టు దగ్గర బెల్టు సరిచేయడానికి చెయ్యి పెట్టిన మనిషి గతి ఏమిటని ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అప్పటినుంచి ఇంజిన్ మీద పని జరిగే ప్రతిసారీ ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి ఉంచడమే కాక, బ్యాటరీ నెగటివ్ కూడా తీయిస్తున్నాం.

డిస్‌ప్లే సంగతికి వస్తే, ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "పొద్దున కూడా నల్లగుంటాదా, మధ్యాహ్నమేనా సార్?" అన్నది. మధ్యాహ్నమే అన్నాను. జనరేటర్ షెడ్డు పడమటి ముఖంగా ఉందా అన్నారు, ఉంది. ఎల్‌సీడీలోని ద్రవ స్ఫటికాలు వేడెక్కేకొద్దీ తక్కువ వోల్టేజికే మలుపు తిరుగుతాయి కాబట్టి, ఉదయం సరిగా కనిపించే కాంట్రాస్ట్‌లోనే మధ్యాహ్నం అక్షరాలు కాని చోట్లు కూడా నల్లబడతాయి. ఇంకా వేడెక్కితే పలక మొత్తం నల్లబడి, చల్లారాక దానంతటదే తేరుకుంటుంది. అనంతపురం జిల్లా ఎండలో, రేకుల షెడ్డులో, పడమటి ఎండ నేరుగా తగిలే ఇనుప తలుపు మీద ఆ పలక ఎంత వేడెక్కుతుందో ఊహించుకోవచ్చు. కాంట్రాస్ట్‌ను రెండు మెట్లు తగ్గించి, తలుపు మీద వానజల్లూ ఎండా తగలకుండా చిన్న రేకు చూరు వేయించుకోమన్నారు. ఇది మరమ్మతు కాదని, దీనికి డబ్బులు లేవని కూడా అన్నారు.

అయితే డిస్‌ప్లేలో రెండు అడ్డవరుసల చుక్కలు ఎప్పుడూ కనిపించకపోవడం వేడి వల్ల కాదు. ఎల్‌సీడీ గాజుపలకకూ బోర్డుకూ మధ్య చారల రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది, జీబ్రా స్ట్రిప్ అంటారు. దానిలోని నల్ల చారలు కరెంటును మోస్తాయి. తలుపు అదురుకు అది కొద్దిగా జరిగి, దుమ్ము చేరింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా తుడిచి, స్క్రూలు సమంగా బిగించగానే ఆ వరుసలు తిరిగి వచ్చాయి. వెనుక వెలుతురు ఒక పక్క మసకగా ఉండడానికి ఒక టంకం అతుకు చిట్లడం కారణమైంది. ఇవి పది నిమిషాల పనులు.

ఇక నాకు నచ్చని విషయాలు. ఉదయం ఇచ్చిన కంట్రోలర్ మర్నాడు సాయంత్రానికి ఇస్తానని నాలుగో రోజు ఇచ్చారు. ఆ మూడు రోజులూ కరెంటు పోయినప్పుడల్లా మా పాలిష్ మిషన్లు ఆగిపోయాయి. రసీదు ఇవ్వరు, గట్టిగా అడిగితే విజిటింగ్ కార్డు వెనుక మొత్తం రాసిచ్చారు, మా అకౌంటెంట్ దాన్ని చూసి తల పట్టుకున్నారు. కీప్యాడ్‌ను తయారీ సంస్థ విడిగా అమ్మదు కాబట్టి ఆయన స్థానికంగా చేయించిన పొరను అతికించారు. నొక్కడానికి అది పాతదానికంటే బాగుంది గానీ, బొమ్మల ముద్రణ నాసిరకంగా ఉంది; స్టాప్, రీసెట్ గుర్తులు దాదాపు ఒకేలా కనిపిస్తున్నాయి. వారంటీలో ఉన్న కంట్రోలర్‌ను ఇలా విప్పిస్తే ఆ వారంటీ పోతుంది. మాది ఎప్పుడో ముగిసింది గనుక ఆ బెంగ లేకపోయింది.

ఇంకొక పరిమితిని ఆయనే స్వయంగా చెప్పారు. 2023 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) ఫోర్ ప్లస్ ఉద్గార ప్రమాణాల తరువాత వచ్చిన సెట్లలో, ఇంజిన్‌కే సొంత ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ యూనిట్) ఉండి, అది కంట్రోలర్‌తో రెండు వైర్ల మీద సంకేతాలతో మాట్లాడుకుంటుంటే, అలాంటి వాటికి కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలని, వాటి వైర్లనూ ఫ్యూజులనూ చూడగలనే గానీ లోపల చెయ్యి పెట్టనని స్పష్టంగా అన్నారు. చేతకాని పనిని నెత్తికెత్తుకోని మెకానిక్ ఇచ్చిన మాట మీద నమ్మకం కుదురుతుంది.

మొత్తం బిల్లు 2,800 రూపాయలు అయింది; అందులో కీప్యాడ్‌కే 1,900. గ్యాస్కెట్ ఉచితంగా ఇచ్చారు. కంట్రోలర్ తిరిగి బిగించి ఇప్పటికి ఐదు నెలలయింది, మధ్యలో ఒక వర్షాకాలం కూడా గడిచింది. దొంగ నొక్కుళ్లు లేవు, మధ్యాహ్నం కూడా అంకెలు చదవగలుగుతున్నాం. స్టాప్, రీసెట్ బటన్ల గందరగోళానికి మాత్రం మా ఎలక్ట్రీషియనే మందు కనిపెట్టాడు: తలుపు మీద స్టాప్ బటన్ పక్కన ఎర్రరంగుతో "ఆపు" అని పెద్దక్షరాలతో రాసి, దానికి బాణం గుర్తు గీశాడు.