మాస్టర్‌షెఫ్ ఆస్ట్రేలియానా, బ్రిటిష్ బేక్ ఆఫా: ఇంటి వంటకు ఏది మేలు?

ఇంట్లో వండే మనిషిని కెమెరా ముందు నిలబెట్టి పోటీ పెడితే ఏం కొలవాలి? చేతివాటమా, వేగమా, కొత్త ఆలోచనా? దీనికి రెండు పెద్ద టీవీ పోటీలు రెండు రకాలుగా జవాబు చెప్పాయి. ఒకటి 2009లో నెట్‌వర్క్ టెన్‌లో మొదలైన మాస్టర్‌షెఫ్ ఆస్ట్రేలియా. రెండోది 2010లో బీబీసీ టూలో మొదలై, 2017 నుంచి ఛానల్ 4లో వస్తున్న గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్, అంటే ఓవెన్‌లో కేకులు, బ్రెడ్‌లు చేసే పోటీ. మాస్టర్‌షెఫ్ అసలు పుట్టిల్లు కూడా బ్రిటనే. 1990లో బీబీసీలో మొదలైంది. కానీ మన దేశంలో స్టార్ వరల్డ్ చూసిన తరానికి మాస్టర్‌షెఫ్ అంటే ఆస్ట్రేలియాదే.

అమెరికా మాస్టర్‌షెఫ్‌ని ఈ పోలికలోకి తేవడం లేదు. చూపు లేని క్రిస్టీన్ హా 2012లో గెలిచిన సీజన్ ఒక్కటి తప్ప, దాంట్లో వంట కన్నా అరుపులే ఎక్కువగా గుర్తుంటాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వంటల వైవిధ్యానికి మాస్టర్‌షెఫ్‌ను మించింది లేదు. కానీ ఇంట్లో వండేవాళ్ల పనితనాన్ని నిజాయితీగా కొలిచేది బేక్ ఆఫ్. ఎందుకో చెప్పాలంటే రెండింటిలోనూ అందరూ భయపడే రౌండ్ ఒక్కటి తీసుకుంటే చాలు.

మాస్టర్‌షెఫ్‌లో దాని పేరు ప్రెషర్ టెస్ట్. పేరున్న షెఫ్ ఒకరు తన రెస్టారెంట్ వంటకాన్ని తెచ్చి చూపిస్తారు. దాని రెసిపీ పేజీలకు పేజీలు ఉంటుంది. గంటల లెక్కన సమయం ఇస్తారు. పోటీదారు అది చదువుకుంటూ, ఒక్క మెట్టు కూడా తప్పకుండా, అచ్చం అలాంటిదే చేసి పెట్టాలి. మొదటి సీజన్‌లో పేస్ట్రీ షెఫ్ ఏడ్రియానో జుంబో తెచ్చిన క్రోకెంబూష్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. క్రీమ్ నింపిన చిన్న చిన్న పఫ్‌లను పంచదార పాకంతో అతికిస్తూ గోపురంలా నిలబెట్టాలి. చూస్తుంటే మనకే టెన్షన్. అయితే అక్కడ తేలేది ఏమిటి? ఒత్తిడిలో ఒక కాగితాన్ని ఎంత జాగ్రత్తగా చదవగలరు అన్నది. రెస్టారెంట్ వంటగదిలో అది చాలా అవసరమైన గుణం. ఇంట్లో ఎవరూ అలా వండరు.

బేక్ ఆఫ్‌లో దీనికి సరిగ్గా ఎదురు దారి, టెక్నికల్ ఛాలెంజ్. అందరికీ ఒకే వంటకం, ఒకే సామాన్లు. రెసిపీ మాత్రం సగానికి సగం కోసేసి ఇస్తారు. "కస్టర్డ్ చేయండి" అని ఒక ముక్క ఉంటుంది, ఎలా చేయాలో ఉండదు. "బేక్ చేయండి" అని ఉంటుంది, ఎంత వేడి మీద, ఎన్ని నిమిషాలు అన్నది ఉండదు. ఇంతకు ముందు ఎన్నిసార్లు చేసి ఉంటే, ఎంత గమనించి ఉంటే, అదే ఇక్కడ అక్కరకొస్తుంది. పిండిని వేలితో నొక్కి పొంగిందో లేదో చెప్పాలి. ఓవెన్ ముందు నేలమీద కూర్చుని రంగు మారడం కనిపెట్టాలి. పైగా ఏ ప్లేటు ఎవరిదో జడ్జీలకు తెలియదు. వాళ్లు బయటికి వెళ్లాక వంటకాలను ఒకే బల్లమీద వరసగా పెట్టి, తర్వాత వాళ్లను పిలిచి రుచి చూపిస్తారు. ఎవరి మీద అభిమానం ఉన్నా ఆ కాసేపు అది పని చేయదు. మాస్టర్‌షెఫ్‌లో ఎక్కువ రౌండ్లలో పోటీదారే ప్లేటు పట్టుకుని జడ్జీల ఎదుటకు నడిచి వెళ్తాడు, వంటకం వెనక కథ చెబుతాడు. ఆ కథ బాగుంటుంది, మనమూ కరిగిపోతాం. కానీ నాలుక దగ్గరికి వెళ్లేలోపే ఆ కథ మనసులోకి వెళ్లిపోతుంది.

ఇంకో పెద్ద తేడా, పోటీదారులు ఎక్కడ ఉంటారన్నది. మాస్టర్‌షెఫ్ ఆస్ట్రేలియాలో అందరినీ ఇళ్లకు దూరంగా ఒకే చోట ఉంచుతారు, నెలల తరబడి. ఉద్యోగం, పిల్లలు, ఇల్లు అన్నీ పక్కన పెట్టి రావాలి. సీజన్‌కు 50, 60 ఎపిసోడ్లు. ఈలోపు వాళ్లు పొద్దున లేచింది మొదలు వంట గురించే చదువుతారు, వంటే మాట్లాడతారు. అందుకే సీజన్ చివరికి వచ్చేసరికి ఇంటి వంట వండేవాళ్లు కనిపించరు, కుర్ర షెఫ్‌లు కనిపిస్తారు. ఆ ఎదుగుదల చూడటం గొప్ప అనుభవం, కాదనను. 2018 విజేత శశి చెల్లయ్య సింగపూర్‌లో పుట్టినవాడు, అడిలైడ్‌లో జైలు అధికారిగా పని చేసినవాడు. ఫైనల్లో 100కి 93 తెచ్చుకున్నాడు. అలాంటి ప్రయాణం బేక్ ఆఫ్‌లో దొరకదు.

బేక్ ఆఫ్ షూటింగ్ వారాంతాల్లో జరుగుతుంది. పోటీదారులు శని, ఆదివారాలు పోటీ కోసం వేసిన టెంట్‌లో బేక్ చేసి, మళ్లీ ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోతారు. మధ్యలో ఉద్యోగం చేసుకుంటారు, సాయంత్రాలు తమ ఓవెన్‌లోనే వచ్చే వారం సిగ్నేచర్ (తమకు బాగా వచ్చిన వంటకం), షోస్టాపర్ (చూపరులను అబ్బురపరిచే పెద్ద వంటకం) రౌండ్ల వంటకాలు ప్రాక్టీస్ చేస్తారు. ఇంట్లోవాళ్లు తిని బాగుందనో లేదనో చెబుతారు. అంటే వాళ్లు పోటీ అంతా అయ్యేవరకు ఇంటి వంటవాళ్లుగానే ఉంటారు. కోల్‌కతా నుంచి ఇంగ్లండ్ వెళ్లి, అక్కడే బేకింగ్ నేర్చుకున్న రాహుల్ మండల్ 2018లో గెలిచినప్పుడు షెఫీల్డ్‌లో పరిశోధకుడు. ఫైనల్లో ఎండ వేడికి అతని బల్ల మీది గాజు సీసా పగిలితే శుభ్రం చేసి, పోయిన సమయాన్ని తిరిగి ఇచ్చారు. ఆ చిన్న న్యాయం నాకు చాలా నచ్చింది. పోటీదారు తప్పు కాని దానికి శిక్ష పడకూడదు.

బహుమతి సంగతి కూడా చూడాలి. మాస్టర్‌షెఫ్ ఆస్ట్రేలియా విజేతకు 2,50,000 ఆస్ట్రేలియా డాలర్లు. బేక్ ఆఫ్ విజేతకు పూలగుత్తి, పేరు చెక్కిన కేక్ స్టాండ్. డబ్బు ఇవ్వడం తప్పని నేను అనను, ఉద్యోగం వదిలి వచ్చినవాళ్లకు అది కావాలి. మన మాస్టర్‌షెఫ్ ఇండియా మొదటి విజేత, లక్నో టీచర్ పంకజ్ భదౌరియా 2010లో ఉద్యోగం మానేసే పోటీకి వచ్చారు. కానీ అంత పణం పెట్టగలిగేవాళ్లు ఎంతమంది ఉంటారు? చిన్నపిల్లలున్న తల్లి, షిఫ్టుల్లో పనిచేసే మనిషి నెలల తరబడి ఇల్లు విడిచి ఎలా వెళ్తారు? వారాంతపు పోటీకైతే వాళ్లూ రాగలరు. 2015లో గెలిచిన నదియా హుస్సేన్ ముగ్గురు పిల్లల తల్లి. ఫైనల్లో తన పెళ్లి నగలతో, చీరల అలంకరణతో పెళ్లి కేకు చేసింది. బ్రిటన్‌లో ఆ ఎపిసోడ్‌ను కోటీ ముప్పై లక్షల మందికి పైగా చూశారు.

మాస్టర్‌షెఫ్ ఆస్ట్రేలియా విషయంలో నాకు గట్టిగా అభ్యంతరం ఉన్న చోటు ఒకటుంది. 2020లో పాత పోటీదారులనే వెనక్కి పిలిచారు. వాళ్లలో చాలామంది అప్పటికే వంటనే వృత్తిగా చేసుకున్నారు. 2022లో సగం కొత్తవాళ్లు, సగం పాతవాళ్లు. ఫైనల్‌కు చేరిన ఇద్దరూ పాతవాళ్లే. గెలిచిన బిల్లీ మెకే 2015లోనే ఒకసారి గెలిచి, పేరుమోసిన బ్రిటిష్ షెఫ్ హెస్టన్ బ్లూమెంతాల్ నడిపే ఫ్యాట్ డక్ రెస్టారెంట్‌లో పని చేసి వచ్చిన మనిషి. ఆమె ప్రతిభకు వంక పెట్టలేం. కానీ ఆమె పక్క బల్ల దగ్గర నిలబడ్డ కొత్తవాళ్లకు అది సమాన పోటీ ఎలా అవుతుంది?

ఇక బేక్ ఆఫ్ ఓడిపోయే చోటు. దాని ప్రపంచం ఓవెన్ వరకే. పోపు లేదు, పులుసు లేదు, వేపుడు లేదు. ఆ గీత దాటిన ప్రతిసారీ తడబడుతుంది. 2022లో మెక్సికన్ వారం అని పెట్టి టాకోలు చేయించినప్పుడు వచ్చిన విమర్శలు న్యాయమైనవే. షోస్టాపర్లు కూడా ఏటేటా తినే కేకులకన్నా కట్టడాలు అయిపోతున్నాయి. ఎండాకాలం టెంట్‌లో చాక్లెట్, ఐస్‌క్రీమ్ చేయించడం కూడా పరీక్ష అనిపించుకోదు. 2014లో కరిగిన ఐస్‌క్రీమ్‌ను ఒక పోటీదారు చెత్తబుట్టలో పారేసి ఇంటికి వెళ్లాల్సి రావడం అందుకు సాక్ష్యం.

మాస్టర్‌షెఫ్ బలం సరిగ్గా ఇక్కడే. 2021 ఫైనల్లో బంగ్లాదేశ్ మూలాలున్న కిశ్వర్ చౌదరి పాంతా భాత్ వండింది. నీళ్లలో నానిన అన్నం, ఆలూ భర్తా, చేప. మన చద్దన్నానికి దగ్గరి చుట్టం. ఆమె మూడో స్థానంలోనే ఆగింది, ఆ ఏడు జస్టిన్ నారాయణ్ గెలిచాడు. కానీ పేదవాడి పొద్దుటి తిండి అని అందరూ చిన్నచూపు చూసే అన్నాన్ని ఆ వేదిక మీదకు తెచ్చింది ఆమే. బేక్ ఆఫ్ టెంట్‌లో దానికి చోటే లేదు.

మరి మన తెలుగులో? 2021లో జెమినీ టీవీలో మాస్టర్‌షెఫ్ వచ్చింది, తమన్నా వ్యాఖ్యాతగా మొదలైంది. 2024లో సోనీ లివ్‌లో మళ్లీ తెలుగులో వచ్చింది. రెండుసార్లూ తెచ్చుకున్నది మాస్టర్‌షెఫ్ చట్రమే. తిండి విషయంలో అది సరైన ఎంపిక, మన ఇళ్లలో ఓవెన్ ఉన్నా వంట దాని చుట్టూ తిరగదు. కానీ మన వంటకు బేక్ ఆఫ్ టెక్నికల్ రౌండ్ ఎంత బాగా సరిపోతుందో ఆలోచించండి. రెసిపీ మూడు ముక్కల్లో ఇద్దాం: బెల్లం పాకం పట్టండి. పిండి కలపండి. నూనెలో వేయించి ఒత్తండి. అంతే, అరిసెలు. నానిన బియ్యం ఎంత తడి మీద దంచాలో కాగితంలో ఉండదు. పాకం చుక్క నీళ్లలో వేసి ఎలాంటి ఉండ కడితే దించాలో ఉండదు. కాస్త ముదిరితే అరిసె రాయవుతుంది, లేతగా దించితే నూనెలోనే విడిపోతుంది. పండగ పండగకూ ఇంట్లో చేసినవాళ్ల చేతికి ఇది తెలుసు. అలంకరణ నేర్చిన షెఫ్‌కు తెలియకపోవచ్చు. పులిహోరలో చింతపండు పులుసు ఎంత చిక్కబడాలో, సున్నుండకు మినుములు ఎంతవరకు వేగాలో కూడా ఇలాంటివే. ఆవకాయ సంగతి మరీ ప్రత్యేకం. కలిపిన మూడో రోజు తిరగకలపాల్సినది గంటల పోటీలో ఇమడదు. వారం వారం ఇంటి నుంచి వచ్చే పోటీలో ఇముడుతుంది.

అందుకే నా తీర్పు ఇలా: వంటలన్నీ మాస్టర్‌షెఫ్‌వి కావాలి, నియమాలు బేక్ ఆఫ్‌వి కావాలి. ఉన్న రెండింటిలో ఒకటే ఎంచుకోవాలంటే, కూరలు, మాంసం, చేపలు, ప్లేటు మీద పులుపూ కారాల పొందిక నేర్చుకోవాలనుకునేవాళ్లు మాస్టర్‌షెఫ్ ఆస్ట్రేలియా చూడండి. పాత సీజన్లలో జడ్జీలే నేర్పే మాస్టర్‌క్లాస్ ఎపిసోడ్లు పోటీ ఎపిసోడ్లకన్నా విలువైనవి. పోటీకి వెళ్లాలన్న ఆశ ఉన్నవాళ్లు, కొత్తగా ఓవెన్ కొన్నవాళ్లు, పిల్లలతో కూర్చుని చూసేవాళ్లు బేక్ ఆఫ్ చూడండి. పది వారాల్లో అయిపోతుంది. 2015 సీజన్‌తో మొదలుపెడితే సరి, మాస్టర్‌షెఫ్‌కైతే 2018 మంచి మొదలు.