రీఫర్బిష్డ్ కెమెరానా, వాడినవారి చేతి కెమెరానా?

తయారీ సంస్థ పరీక్షించి, అవసరమైన భాగాలు మార్చి తిరిగి అమ్మే రీఫర్బిష్డ్ కెమెరాకూ, వాడినవారి దగ్గర ఉన్నదున్నట్టుగా కొనే పాత కెమెరాకూ ధరలో తేడా ఉండవచ్చు గాని, అసలు తేడా బాధ్యత ఎవరిదన్న దగ్గర వస్తుంది. మొదటిదానికి పరిమిత కాలానికైనా వారంటీ ఉంటుంది. రెండోదానిలో లోపం తర్వాత బయటపడితే ఆ భారం సాధారణంగా కొన్నవారిదే.

బాడీ (లెన్స్ కాకుండా మిగతా కెమెరా) విషయంలో నేను రీఫర్బిష్డ్ వైపే మొగ్గుతాను. నికాన్ డి850 కెమెరాలో, ఫొటో తీసిన ప్రతిసారీ తెరుచుకుని మూసుకునే షట్టర్‌ను 2,00,000 సార్లు పనిచేసే మన్నికకు పరీక్షించారు. వాడిన కెమెరాలో అది ఇప్పటికే ఎన్నిసార్లు పనిచేసిందో పైమెరుపు చెప్పదు. ఫొటో ఫైలులో కెమెరా తానే నమోదు చేసే ఎగ్జిఫ్ సమాచారంలో ఆ సంఖ్య కొన్ని కెమెరాలకు దొరుకుతుంది గాని, లోపలికి చేరిన తేమ గురించి అదీ చెప్పదు.

లెన్స్ సంగతి వేరు. టార్చి వెలుగును లోపలికి ప్రసరింపజేసి చూస్తే సాలెగూడులా అల్లుకున్న ఫంగస్, గాజుల మధ్య పేరుకున్న మసక చాలావరకు కంటికే కనిపిస్తాయి. లోపలికి వచ్చే వెలుగును తగ్గించి పెంచే అపర్చర్ రేకులకు నూనె అంటిందా, ఫోకస్ రింగు సాఫీగా తిరుగుతోందా అన్నది చేతిలోకి తీసుకుని అక్కడికక్కడే తేల్చుకోవచ్చు. అందువల్ల చేత్తో ఫోకస్ చేసే పాత మాన్యువల్ లెన్స్‌ను వాడినవారి దగ్గర కొనడానికి నేను వెనుకాడను. లోపల రెండు మూడు ధూళి రేణువులున్నా అవి ఫొటోలో సాధారణంగా కనిపించవు, బేరానికి మాత్రం పనికొస్తాయి.