కావలిలో భోజనం: బాగుచేసిన లాడ్జి హాలు మేలా, పాత మెస్సు మేలా?

పెళ్ళికో, కోర్టు వాయిదాకో, ఆసుపత్రి పనికో కావలికి వచ్చినవారు భోజనానికి ఎక్కడికి పోవాలని ఒకప్పుడు పెద్దగా ఆలోచించేవారు కారు. ట్రంకు రోడ్డు చుట్టుపక్కల ఉన్న భోజన హోటళ్ళలో దేని ముందు జనం ఎక్కువగా నిలబడి ఉంటే దానిలోకి పోయేవారు. ఈమధ్య ఊరిలోని ఒక పాత లాడ్జిని యజమానులు పైనుంచి కింది దాకా బాగుచేయించి, కింది అంతస్తులో ఏసీ రెస్టారెంటును, దాని వెనుక బారును తెరిచారు. అప్పటినుంచి చుట్టాలు వస్తే ఎక్కడ భోజనం పెట్టించాలన్నది ఇళ్ళలో చర్చకు వస్తున్నది. ఈ లాడ్జిలోనూ, పాత మెస్సులోనూ తిన్నవాడిగా నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను.

బాగుచేయడం వలన లాడ్జిలో నిజంగా మెరుగుపడినవి కొన్ని ఉన్నాయి. వాటిని చిన్నచూపు చూడకూడదు. చేతులు కడుక్కునే చోటు పొడిగా ఉంటుంది. ఆడవారికి వేరుగా, తలుపుకు గడియ సరిగా పడే మరుగుదొడ్డి ఉన్నది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు మెట్లెక్కనక్కరలేకుండా ఏటవాలు దారి కట్టారు. కుర్చీలకు వీపు ఆనుతుంది. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు ఈ జిల్లాలో ఏసీ ఎంత అవసరమో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. డెబ్బై ఏళ్ళు దాటిన తల్లిదండ్రులను వెంట తీసుకువచ్చినవారు వంట సంగతి విచారించకుండానే లాడ్జి వైపు మొగ్గితే వారిని తప్పుపట్టలేము.

అయితే వంట సంగతి విచారించవలసిందే. లాడ్జి మెనూ కార్డు పుస్తకమంత ఉంటుంది. పనీర్ బటర్ మసాలా, నూడుల్స్, మంచూరియా, నాలుగైదు రకాల బిర్యానీలు అయిన తరువాత, లావు అక్షరాలలో 'నెల్లూరు చేపల పులుసు' కనిపిస్తుంది. పరీక్షించవలసినది దానినే. పులుసుకు ఒక క్రమం ఉన్నది. చింతపండు రసం బాగా మరిగిన తరువాత ముక్కలు వేస్తారు. ఆపైన గరిటె పెట్టకుండా దాకను అంచులతో పట్టుకొని తిప్పుతారు. మామిడికాయ ముక్కలు, వేయించి కొట్టిన మెంతుల పొడి పడతాయి. నూనె పైకి తేలిన తరువాత దించి కొన్ని గంటలు కదపకుండా ఉంచుతారు. ముక్కకు ఉప్పూ పులుపూ పట్టేది ఆ ఉంచిన కాలంలోనే. ఆర్డరు ఇచ్చిన పావుగంటకు బల్ల మీదికి వచ్చే పులుసు ఈ క్రమంలో వండినది కాదు. లాడ్జిలో నాకు వడ్డించిన ముక్కను విడదీసి చూస్తే పైన వేపుడు పొర, లోపల తెల్లగా, చప్పగా ఉన్న కండ కనిపించాయి. ముక్కలు ముందే వేయించి పెట్టుకొని, అడిగినప్పుడు పులుసు పోసి వేడిచేసి పంపుతున్నారని తెలిసిపోయింది. పులుసు విడిగా బాగానే ఉన్నది, ముక్క విడిగా బాగానే ఉన్నది, కాని రెండింటికీ పొత్తు కుదరలేదు.

అదే వంటగదిలో వేపుళ్ళు మాత్రం చాలా బాగా వస్తున్నాయి. అప్పటికప్పుడు వండడం పులుసుకు లోపమైతే వేపుడుకు గుణం. కరివేపాకు, పచ్చిమిర్చి వేసి పెద్ద మంట మీద తిప్పిన రొయ్యల వేపుడు, రవ్వ అద్దకుండా పెనం మీద కాల్చిన వంజరం ముక్క ఊరిలో మరెక్కడా అంత వేడిగా, అంత శుభ్రంగా దొరకవు. రొయ్యల చెరువులున్న జిల్లాలో రొయ్యకు కొరత లేదు, సముద్రపు చేపకు తుమ్మలపెంట తీరం దగ్గరలోనే ఉన్నది. కాబట్టి లాడ్జికి పోయినవారు కార్డులోని మొదటి పేజీలు దాటి నేరుగా వేపుళ్ళకు పోవడం మంచిది.

ఇక మెస్సు. ఇక్కడ కార్డు ఉండదు, గోడ మీద నల్లబల్ల ఉంటుంది, దాని మీద ఆనాటి చేప పేరు సుద్దముక్కతో రాసి ఉంటుంది. కొర్రమీను అని రాసి ఉంటే ముల్లు తక్కువ, కండ గట్టి, పిల్లలకైనా భయం లేకుండా పెట్టవచ్చు. బొమ్మిడాయిలు అని ఉంటే మాత్రం వేరే మాట మాట్లాడకుండా కూర్చోవలసిందే. ఉదయం పది, పదకొండు గంటలకే పొయ్యి మీదినుంచి దించిన పులుసు ఒంటిగంట భోజనానికి తగిన పాకంలో ఉంటుంది. ముక్కకు వేరే ధర తీసుకుంటారు. ఉత్త పులుసు మాత్రం భోజనంతో పాటే, అడిగినంత. వడ్డించేవాడు పొడుగు కాడ గరిటెతో అడుగునుంచి తోడి, అన్నం మధ్యలో చేసిన గుంటలో పోస్తాడు. ఆ గరిటెలో మెత్తబడిన మామిడికాయ ముక్క ఒకటి వస్తే వచ్చినట్లు, లేకపోతే లేదు. పప్పు, గోంగూర పచ్చడి, చారు, గడ్డపెరుగు అన్నీ ఇంటి రుచికి దగ్గరగా ఉంటాయి. అన్నం సన్నబియ్యమే, పెద్దవారు ఇప్పటికీ తలచుకునే మొలగొలుకులు అనే పాత వరి రకపు అన్నాన్ని మెస్సులోనూ లాడ్జిలోనూ ఆశించకూడదు.

మెస్సు లోపాలూ తక్కువవి కావు. ఒంటిగంట వేళ తినేవారి వీపు వెనుక నిలబడి, వారు పెరుగన్నంలోకి ఎప్పుడు వస్తారా అని చూడవలసి వస్తుంది; మన వెనుకా ఇంకొకరు అలాగే నిలబడతారు. రెండున్నరకు పోతే చేప అయిపోయి ఉంటుంది. రాత్రి వంట ఉండదు.

రాత్రి భోజనానికి లాడ్జి తప్ప గతి లేదనుకుంటే బారు సంగతి ముందుకు వస్తుంది. 1992లో దూబగుంట అనే పల్లె ఆడవారు సారా దుకాణాన్ని మూయించిన జిల్లా ఇది. అలా సాగిన సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా 1993 ఏప్రిల్‌లో ఈ జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరులో రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దానిని ఎత్తివేశారు. నిషేధం పోయినా, బారు బోర్డు ఉన్న హోటలులోకి కుటుంబంతో అడుగుపెట్టడానికి ఇక్కడి ఇళ్ళలో ఇప్పటికీ సంకోచం ఉన్నది. లాడ్జివారు ఈ సంగతి గ్రహించి బారుకు పక్కసందులోనుంచి వేరే ద్వారం పెట్టారు, మధ్య గోడ కట్టారు, ఫ్యామిలీ హాలులోకి మాటా వాసనా రాకుండా చూశారు. ఆ మేరకు మెచ్చుకోవలసిందే. చిక్కు మరొకచోట ఉన్నది: రెండింటికీ వంటగది ఒక్కటే. రాత్రి ఎనిమిది దాటిన తరువాత బారునుంచి వచ్చే చికెన్ పకోడీ, వేపుళ్ళ ఆర్డర్లు పొయ్యిలన్నిటినీ ఆక్రమిస్తాయి, కుటుంబాలవారు పుల్కాల కోసం ముప్పావుగంట ఎదురుచూస్తారు. ఏడు గంటలకే కూర్చుంటే ఈ బాధ లేదు.

ఖర్చు విషయానికి వస్తే, లాడ్జిలో ఒకరు తినే సొమ్ముకు మెస్సులో ఇద్దరు కడుపునిండా తినవచ్చు. లాడ్జి బిల్లులో భోజనం మీద 5 శాతం జీఎస్టీ పడుతుంది. సర్వీసు ఛార్జీ అని వేరే గీత కనిపిస్తే దానిని తీసివేయమని అడగవచ్చు. హోటళ్ళు దానిని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలోనే మార్గదర్శకాలిచ్చింది. మద్యం జీఎస్టీ పరిధిలోకి రాదు కనుక దాని బిల్లు వేరుగా ఉంటుంది.

పదహారో నంబరు జాతీయ రహదారి మీది పెద్ద హోటళ్ళను కూడా కొందరు ఈ పోటీలోకి తెస్తారు. చెన్నై నుంచి విజయవాడకు కారులో పోయేవారికి అవి సౌకర్యమే. కావలిలో పని ఉన్నవారు భోజనానికి ఊరు దాటి అక్కడిదాకా పోవడంలో నాకు అర్థం కనిపించదు.

మధ్యాహ్నం, చేప కోసం, ఇద్దరు ముగ్గురు పోయేటట్లయితే మెస్సే మేలు. పన్నెండున్నరకు ముందే చేరాలి. పెద్దలు, పసిపిల్లలు ఉన్నప్పుడు, రాత్రి వేళ, వేపుళ్ళ కోసం లాడ్జి మేలు. రాత్రికి లాడ్జిలోనే దిగి ఉండి, పులుసు మీద మనసున్నవారికి మూడో దారి కూడా ఉన్నది. మధ్యాహ్నమే మెస్సులో పులుసు పార్సిల్ కట్టించుకొని గదిలో ఉంచాలి. స్టీలు క్యారేజీ తీసుకుపోతే మరీ మంచిది, ప్లాస్టిక్ కవరులో ముక్కలు చితికిపోతాయి. రాత్రికి అది మధ్యాహ్నం కంటే రుచిగా ఉంటుంది. వేడి అన్నం మాత్రం కింది హాలునుంచి తెప్పించుకుంటే సరిపోతుంది. ఉత్త అన్నం అడిగినా కుర్రవాళ్ళు విసుక్కోకుండా పళ్ళేలతో సహా తెచ్చిపెడుతున్నారు.