డ్యూటీ అంటే ఏడ్చే నర్సింగ్ పిల్ల: ఇంటికి తెచ్చుకోవాలా, వార్డులోనే ఉంచాలా?

వార్డు పోస్టింగులు పెరిగాయంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. మొన్న రాజోలు నుంచి ఒక తండ్రి. "మేడమ్ గారూ, మా అమ్మాయి డ్యూటీకి వెళ్ళనని ఒకటే ఏడుపండి. ఓ ఆర్నెల్లు ఇంటికి తెచ్చేసుకోమంటారా?" కాకినాడ వైపు చాలాకాలం నర్సింగ్ ట్యూటరుగా చేశాను కాబట్టి అడుగుతారు.

జబ్బు చేస్తే ఇంటికి తేవడమే మేలు. కఫంలో టీబీ క్రిములున్న పిల్లను వార్డులో తిప్పకూడదు, ఆమెకూ రోగులకూ మంచిది కాదు. రోజుల తరబడి నిద్ర లేకపోయినా, చచ్చిపోవాలనుందన్న మాట నోటివెంట వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మామూలు భయానికి మాత్రం ఇల్లు మందు కాదు. మన వైపు వీధి ఊరుకోదు కదా! మొదటి వారం "సెలవులా అమ్మా?" అంటారు. రెండో వారం "ఎందుకొచ్చేసిందట?" మూడో వారానికి సంబంధం పట్టుకొస్తారు. పైగా నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం థియరీకి 80 శాతం హాజరు చాలు గానీ, ప్రాక్టికల్ మాత్రం డిగ్రీ చేతికొచ్చేలోపు నూటికి నూరు శాతం పూర్తి కావాలి. ఇవాళ తప్పించుకున్న వార్డుకి రేపైనా వెళ్ళాల్సిందే.

అందుకే నేను మొదట అడిగేది ఒక్కటే: తప్పు జరిగితే చెబుతోందా, దాస్తోందా?

ఒకసారి మెడికల్ వార్డులో, పొద్దున టిఫిన్లకు ముందు, సెకండియర్ అమ్మాయి ఇన్సులిన్ ఇస్తోంది. సీసా మీద మిల్లీలీటరుకు 100 యూనిట్లని ఉంది. దానికి నారింజ మూత సిరంజి వాడాలి. ట్రేలో మిగిలింది ఎర్ర మూతది, అంటే 40 యూనిట్ల సీసాకు వాడేది. అందులో 20 గీత దాకా లాగింది. అది అర మిల్లీలీటరు. ఆ సీసాలోంచి లాగితే 50 యూనిట్లు. వేయాల్సింది 20. ముసలాయన పొట్ట మీద స్పిరిట్ దూది రుద్దాక ఆగిపోయింది. చేయి వణుకుతోంది. "సిస్టర్, ఒక్కసారి చూస్తారా?"

స్టాఫ్ సిస్టర్ అందరి ముందూ తిట్టింది. ఆమెను పక్కకు పిలిచి, "ఈ పిల్ల రేపు కూడా అడగాలండీ" అన్నాను. రెండు వారాలు ఆ అమ్మాయిని ఆ సిస్టర్‌తోనే వేశాం. నైట్లు లేవు, ప్రతి సిరంజీ చూపించాకే రోగి దగ్గరికి. భయం పూర్తిగా పోలేదు గానీ, పని చేసుకుపోయింది.

అదే బ్యాచ్‌లో చేయి వణకని అమ్మాయి ఒకతె. రోగికి వాడిన సూది తనకు గుచ్చుకుంటే ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు రూమ్మేట్ చెబితే తెలిసింది. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. ఆ గడువు దాటిపోయింది. అదృష్టం, రిపోర్టులన్నీ నెగటివ్. వైవాలో ఎక్కువ మార్కులు ఆమెవే! నాకు ఎక్కువ టెన్షన్ కూడా ఆమె గురించే. ఆర్నెల్లు ఇంట్లో కూర్చోబెడితే ఆ దాచే అలవాటు పోతుందా?

చెప్పే పిల్లయితే వార్డులోనే ఉంచండి. కాకపోతే కాలేజీ వాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి: ఏ సిస్టర్ కింద, ఎన్ని వారాలు, నైట్లు తీసేస్తారా? "అందరితో పాటే" అని తెగేసి చెబితే అప్పుడు సెలవే నయం.

కోర్సు మార్పించడమంటారా, ఏడాదైనా రక్తం చూస్తే కళ్ళు తిరుగుతుంటే ఆలోచించండి. హాస్టల్ మానేసి ఇంటి నుంచి రోజూ బస్సులో తిరగడం మాత్రం వద్దు. నైట్ డ్యూటీ చేసి రెండు గంటలు ప్రయాణమంటే నిద్ర ఎక్కడ? వరదలొస్తే లంక ఊళ్ళకు పడవే దిక్కు.

రాజోలాయన్నీ అదే అడిగాను, పిల్ల చెబుతోందా, దాస్తోందా అని. "తెలీదండి, కనుక్కుంటాను" అన్నాడు. రాత్రి మళ్ళీ ఫోన్. వెయిన్ దొరక్క రెండుసార్లు గుచ్చిందట, మూడోసారి తనే సిస్టర్‌ని పిలిచిందట. తీసుకురావద్దన్నాను.