ఎవరి లెక్కలోకీ రాని అమ్మాయి: ఏళ్లుగా ‘పర్స్యూయేషన్’ చదువుతూ

ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆఖరి అమ్మాయి. ఎక్కడినుంచో వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషి. అందరినీ వదిలేసి అతని చూపు ఆమె మీదే ఆగడం. ఈ కథంటే నాకు మొదట్నుంచీ ప్రాణం. ముగ్గురు అక్కచెల్లెళ్లలో నేనే ఆఖరిదాన్ని కాబట్టి ఆ ఇష్టం ఎక్కడిదో చెప్పక్కర్లేదు. అమ్మ అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకునే నవలల్లో ఒకటీ అరా, ఆ తర్వాత ఇంగ్లిష్ రొమాన్సుల్లో కుప్పలుతెప్పలుగా ఇదే కథ చదివాను. చాలావాటికి ఇప్పుడు పేర్లు కూడా గుర్తులేవు. ఇన్నేళ్లలో నా దగ్గర నిలిచిపోయింది ఇంగ్లిష్ రచయిత్రి జేన్ ఆస్టెన్ రాసిన ‘పర్స్యూయేషన్’. డిగ్రీ చదివే రోజుల్లో ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో దొరికింది. అప్పట్నుంచి ఏటా ఒకసారైనా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతూనే ఉన్నాను. అందుకే ఒక్కసారి చదివి చెప్పే అభిప్రాయం కంటే కొంచెం ఎక్కువే చెప్పగలననుకుంటున్నాను.

ఇందులో హీరోయిన్ ఆన్ ఎలియట్ ఆఖరి అమ్మాయి కాదు, మధ్య అమ్మాయి. అక్క ఎలిజబెత్ అందగత్తె, తండ్రికి ఆమె మాటే మాట. చెల్లెలు మేరీకి పెళ్లయింది, ఆ హోదా ఉంది. ఆన్‌కి 27 ఏళ్లు, పెళ్లి కాలేదు, ఉన్న కాస్త అందమూ పోయిందని తండ్రి సర్ వాల్టర్ అభిప్రాయం. 19 ఏళ్లప్పుడు నేవీలో ఉన్న ఫ్రెడరిక్ వెంట్‌వర్త్‌ని ప్రేమించింది. అతనికి ఆస్తి లేదు, వెనక పెద్దవాళ్ల అండ లేదు. తల్లి పోయాక తల్లిలా చూసుకున్న లేడీ రస్సెల్ వద్దని నచ్చజెబితే, ఆన్ అతనికి ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంది. ఎనిమిదేళ్లు గడిచాయి. 1814లో నెపోలియన్‌తో యుద్ధం ఆగి నేవీ వాళ్లంతా ఒడ్డుకి చేరుతున్నప్పుడు అతను కెప్టెన్ హోదాతో, 25,000 పౌండ్ల ఆస్తితో తిరిగొస్తాడు. ఈలోగా సర్ వాల్టర్ అప్పుల పాలై సొంత బంగళా అద్దెకి ఇవ్వాల్సి వస్తుంది. అందులో దిగింది వెంట్‌వర్త్ అక్కాబావలే. కథకి ఇంతే సరంజామా.

ఇల్లు ఖాళీ చేసి బాత్ నగరానికి మకాం మార్చే సమయంలో ఒక చిన్న సంభాషణ ఉంటుంది. మేరీకి ఒంట్లో బాగోలేదు, ఆన్‌ని తోడుగా పంపమంటుంది. ఎలిజబెత్ వెంటనే, ‘అయితే ఆన్ ఉండిపోవడమే నయం, బాత్‌లో తనతో ఎవరికీ పని లేదు’ అనేస్తుంది. అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. సామాన్లు సర్దేటప్పుడు ఏ పెట్టె ఎక్కడ పెట్టాలో చెప్పినట్టు చెబుతుంది. ఆన్ కూడా ఏడవదు. ఎక్కడో ఒకచోట పనికొస్తున్నందుకు సంతోషిస్తుంది.

ఈ పేజీ దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. మా ఇంట్లో దీనికి సరిపోయే మాట ‘చిన్నదుందిగా’. నానమ్మని ఆస్పత్రిలో చేర్పిస్తే రాత్రి ఎవరు పడుకుంటారు? చిన్నదుందిగా. పెద్దక్క రెండో పురుడుకి వస్తే పెద్ద పిల్లాణ్ణి ఎవరు చూస్తారు? చిన్నదుందిగా. కాచిగూడలో ఫంక్షన్ హాలు తీసుకుని చిన్నక్క పెళ్లి చేసినప్పుడు నగల బ్యాగు ఒళ్లో పెట్టుకుని విడిది గదిలో కూర్చున్నది నేనే. తలంబ్రాల ఫొటోలన్నీ వెతికినా అందులో నేను లేను. నన్నెవరూ చిన్నచూపు చూశారని అనను, ప్రేమగానే పెంచారు. కానీ ఏదైనా నిర్ణయం తీసుకునేటప్పుడు ‘నీకేమనిపిస్తోందే’ అని అడగాలని ఎవరికీ తట్టేది కాదు. మనిషితో పని ఉండటం, మనిషే కావాలనుకోవడం, ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరాన్ని ఇంత సరిగ్గా పట్టుకున్న నవల నాకు ఇంకోటి దొరకలేదు.

ఇక అపరిచితుడు. సముద్రతీరంలో లైమ్ అనే ఊరు. పొద్దున్నే ఒడ్డున తిరిగి అందరూ మెట్లెక్కి వస్తుంటే పైనుంచి దిగబోతున్న ఒక పెద్దమనిషి దారిచ్చి పక్కకి తప్పుకుంటాడు. సముద్రపు గాలికి ఆన్ మొహంలో కళ వచ్చింది. అతను ఆమెని మెచ్చుకోలుగా చూస్తాడు. ఆ చూపు వెంట్‌వర్త్ గమనిస్తాడు. అంతవరకూ ‘గుర్తుపట్టలేనంత మారిపోయింది’ అన్న మనిషి, ఒక్క క్షణం తనూ ఆమె వైపు తిరిగి చూస్తాడు. మామూలు రొమాన్స్ నవలైతే ఇక్కణ్ణుంచి కథంతా ఆ కొత్త మనిషిదే. నల్ల బట్టల్లో, సంతాపంలో ఉన్నాడు, సొంత గుర్రబ్బండి ఉంది, పేరేమిటో తెలియదు. హీరోకి కావలసిన హంగులన్నీ ఉన్నాయి.

కానీ అతను విలియం ఎలియట్ అనీ, సర్ వాల్టర్ తర్వాత ఆ బిరుదూ ఆస్తీ దక్కాల్సిన దాయాదేననీ కాసేపటికి తెలుస్తుంది. బాత్‌లో మళ్లీ కనిపించి ఆన్ చుట్టూ తిరుగుతాడు. చక్కగా మాట్లాడతాడు, ఎవరికి ఏది ఇష్టమో కనిపెట్టి అలాగే నడుచుకుంటాడు. లేడీ రస్సెల్ ముచ్చటపడిపోతుంది. అంత అందరికీ నచ్చేలా ఉండటమే ఆన్‌కి అనుమానం తెప్పిస్తుంది. మనస్ఫూర్తిగా కోపం గానీ సంతోషం గానీ పైకి రాని మనిషిని ఎలా నమ్మడం అని ఆలోచిస్తుంది. ఆమె అనుమానం చివరికి నిజమే అవుతుంది. ఆఖరి అమ్మాయిలమంతా ఎదురుచూసే ఆ ‘గమనించే మనిషి’ని తీసుకొచ్చి నిలబెట్టి, గమనించడం ఒక్కటే చాలదని చూపించడం ఈ నవలలో నాకు అన్నిటికంటే నచ్చిన పని.

మరి ఏం కావాలి? దానికి జవాబు ఆరో అధ్యాయంలోనే, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక వాక్యంలో ఉంది. ఆన్ పియానో బాగా వాయిస్తుంది. కానీ 14 ఏళ్లప్పుడు తల్లి పోయిన తర్వాత, ఒక్క కొద్ది కాలం తప్ప, ఆమె వాయిస్తుంటే మనసు పెట్టి విన్నవాళ్లు లేరు. ఆ కొద్ది కాలం ఏదో పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు మిగతావాళ్లు డాన్స్ చేయడానికి ఆమె వాయిస్తూ కూర్చుంటుంది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా వేళ్లు ఆపదు.

ఇంకో చిన్న సన్నివేశం ఉంది. మేరీ పెద్ద కొడుకు కిందపడి దెబ్బ తగిలించుకున్నాడు. ఆన్ వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంటే, వాడి తమ్ముడు, రెండేళ్లవాడు, వెనకనుంచి వీపెక్కి మెడ పట్టుకుని వేలాడతాడు. ఎంత చెప్పినా వదలడు. అంతలో మెడ మీది బరువు ఒక్కసారిగా తేలికవుతుంది. ఎవరో వాణ్ణి ఎత్తుకున్నారు. వెంట్‌వర్త్ అని ఆమెకి అర్థమయ్యేసరికి అతను పిల్లాడితో గట్టిగా ఆడుకుంటూ ఉంటాడు, ఆమె థాంక్స్ చెప్పే అవకాశం రాకుండా. అప్పటికి అతని కోపం తీరలేదు. అయినా ఆమె ఇబ్బంది అతని కంటపడింది, చెయ్యి దానంతటదే కదిలింది. ప్రేమ సన్నివేశం రాయాలనుకునేవాళ్లు ఈ అర పేజీ చదవాలి.

చివర్లో వెంట్‌వర్త్ ఆన్‌కి రాసే ఉత్తరం గురించి చాలామంది రాశారు. నాకు ఉత్తరం కంటే దానికి ముందు జరిగేదే ముఖ్యం. హోటల్ గదిలో వెంట్‌వర్త్ బల్ల దగ్గర ఏదో రాసుకుంటుంటాడు. కిటికీ దగ్గర ఆన్, అతని స్నేహితుడు హార్విల్ మాట్లాడుకుంటుంటారు. ఎవరి ప్రేమ ఎక్కువ కాలం నిలుస్తుంది, మగవాళ్లదా ఆడవాళ్లదా అని. పుస్తకాలన్నీ ఆడవాళ్లది నిలకడలేని మనసనే అంటాయి అని హార్విల్ అంటే, కలం ఇన్నాళ్లూ మగవాళ్ల చేతిలోనే ఉంది కదా, పుస్తకాల సాక్ష్యం వద్దంటుంది ఆన్. మధ్యలో వెంట్‌వర్త్ చేతిలో కలం జారి కిందపడుతుంది. అతను వింటున్నాడు. ఆమె గొంతు తగ్గించినా, వేరేవాళ్లకి వినపడనంత తగ్గించినా, తను పోల్చుకోగలనని ఆ ఉత్తరంలో రాస్తాడు. మాట చెల్లని అమ్మాయికి ఇంతకంటే పెద్ద కానుక ఏముంటుంది?

ఆస్టెన్ మొదట ముగింపు ఇలా రాయలేదు. 1816 జులైలో రాసిన ముగింపులో, ఆన్‌కి విలియం ఎలియట్‌తో పెళ్లి ఖాయమైందన్న పుకారు నమ్మి, వాళ్లకి బంగళా ఖాళీ చేసి ఇవ్వాలా అని కనుక్కోమని బావ వెంట్‌వర్త్‌ని పంపిస్తాడు. అదేం లేదని ఆమె చెప్పగానే ఇద్దరూ కలిసిపోతారు. ఆస్టెన్‌కి అది నచ్చలేదు. కొట్టేసి మళ్లీ రాసింది, ఆగస్టుకి పూర్తిచేసింది. ఆ పాత అధ్యాయాల రాతప్రతి ఇప్పటికీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. పాతదాంట్లో ఆన్ ఒక పుకారుని కాదనడం తప్ప పెద్దగా చేసిందేమీ లేదు. కొత్తదాంట్లో తన మనసులోని మాట తనే చెబుతుంది, అది చేరాల్సిన చెవికి చేరుతుంది. ఆ తర్వాత ఏడాది, 1817 జులైలో, 41 ఏళ్లకే ఆస్టెన్ చనిపోయింది. నవల ఆ డిసెంబర్‌లో అచ్చయింది. పుస్తకాల మీద ఎప్పుడూ తన పేరు వేసుకోని ఆమెని రచయిత్రిగా లోకానికి అప్పుడే అన్న హెన్రీ పరిచయం చేశాడు. ఆ సంగతి తెలిశాక కలం గురించి ఆన్ అన్న మాట నాకు ఇంకా బరువుగా అనిపిస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. విలియం ఎలియట్ గుట్టు బయటపెట్టడానికి మిసెస్ స్మిత్ అనే పాత స్నేహితురాలిని తీసుకొచ్చి ఒక అధ్యాయం నిండా ఫ్లాష్‌బ్యాక్ చెప్పించడం అతుకులా ఉంటుంది. అక్కడ నాకు ఇప్పటికీ విసుగే. చనిపోయిన కొడుకుని తలుచుకుని ఏడ్చే మేరీ అత్తగారు మిసెస్ మస్‌గ్రోవ్ లావుని వెక్కిరించడం మాత్రం నేను క్షమించలేను. కడుపుకోత లావు, సన్నం చూడదు. ఇంత దయగల నవలలో ఆ పేరా ఎలా మిగిలిపోయిందో! లేడీ రస్సెల్ సలహా తప్పే అయినా అప్పుడు ఆమె మాట వినడం సరైనదేనని ఆన్ చివర్లో వాదిస్తుంది. ఎనిమిదేళ్లు పోగొట్టుకున్న మనిషి అంత తేలిగ్గా ఆ మాట అనగలదా? చిన్నక్క మాత్రం ఆన్‌దే రైటంటుంది. ఫోన్‌లో దీని మీద మేం చాలాసేపే వాదించుకున్నాం.

చదవాలనుకునేవాళ్లకి: మొదటి మూడు అధ్యాయాలు వంశం, అప్పులు, అద్దె గొడవలతో నెమ్మదిగా నడుస్తాయి. వాక్యాలు పొడుగు. తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు మొదటిసారి డిక్షనరీ పక్కన పెట్టుకోక తప్పలేదు. కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, లిబ్రివాక్స్‌లో ఆడియో కూడా ఉంది. నాగోల్ నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్లేటప్పుడు నేను ఎక్కువగా ఆడియోనే వింటాను, ఆ పొడుగు వాక్యాలు చెవికి చాలా సులువుగా ఎక్కుతాయి. అచ్చు పుస్తకమే కావాలంటే మరీ చవక ముద్రణ కొనకండి. నా మొదటి కాపీలో అక్షరాలు చీమల్లా ఉండేవి, జిగురు ఊడి లైమ్ అధ్యాయం మొత్తం విడిగా చేతికొచ్చింది. ఇప్పుడున్నది వెనక వివరణలున్న ముద్రణ. నేవీ హోదాలు, యుద్ధంలో పట్టుకున్న ఓడల నుంచి డబ్బు ఎలా వచ్చేదో అందులో ఉంటుంది. వెంట్‌వర్త్‌కి అంత డబ్బు ఎక్కడిదని మా పెద్దక్క కూతురు అడిగితే ఆ పేజీలే చూపించాను. ఆ పిల్ల ఇప్పుడు ఎనిమిదో అధ్యాయంలో ఉంది, అతని మీద చాలా కోపంగా ఉంది.